లెక్కలోకి రాని బంతులు

ఒమాహా వెళ్లే బస్సులో,
మే 9, 1978

ప్రియమైన తమ్ముడు రస్‌కి,

అన్నయ్య డ్వేన్ దీవించి రాసేది. అమ్మ మోకాలి నొప్పి, నాన్న కోపం, నీ ఆకలి ఎప్పటిలాగే ఉన్నాయని తలుస్తాను. ఈ వంకర అక్షరాలు చూసి నవ్వకు. బస్సు కుదుపులు అలా ఉన్నాయి మరి.

నీ ఉత్తరం అందింది. శనివారం బేస్‌బాల్ ఆటలో నిన్ను చూడడానికి పెద్ద జట్టు మనిషి వస్తున్నాడని చదివి పొంగిపోయాను. మోచేయి లోపల సూదులు గుచ్చినట్టుంది, కోచ్‌కి చెప్పనా, నోరు మూసుకుని విసిరేయనా అని అడిగావు. నీకూ ఇలా ఉండేదా అనీ అడిగావు.

పై లీగులో నా వైభోగం తెలుసుగా, ఒక వేసవి కూడా నిండలేదు. మొదటిసారి నన్ను బంతి విసరడానికి దింపిన రోజు మూడు బేసుల్లోనూ అవతలి జట్టువాళ్లు పరుగుకి కాచుకుని ఉన్నారు. నా ఎదుటి బ్యాటర్ మూడుసార్లూ గాలినే కొట్టి ఔటయ్యాడు! నాన్న పందుల కొట్టంలో రేడియో వింటూ మేత బకెట్టు ఒలకబోశాడని అమ్మ రాసింది. ఆ ఒక్క రోజు చాలు నాకు అని అందరితో అనేవాణ్ణి. చాలలేదురా.

ముందు బంతులు విసిరే పిచర్ అలిసిపోతే దిగేవాళ్లం కదా మేం, కంచె వెనక షెడ్డులో కూర్చుంటాం. అక్కడొక ఫోనుంటుంది, ఎవరో ఒకర్ని సిద్ధం చెయ్యమని మేనేజర్ దాంట్లోనే చెప్తాడు. అది మోగగానే కోచ్ ఎర్ల్ నావైపు తిరిగి, ఏరా అబ్బాయ్, చెయ్యెలా ఉంది అనేవాడు. భేషుగ్గా ఉంది అనాలి, అంతే. ఇంకోమాట అంటే నా బదులు పక్కవాడు లేచి నిలబడతాడు. గబగబా విసిరి చెయ్యి వేడెక్కించుకునేవాణ్ణి. ఈలోపు ఆట తిరిగేది, ఇక కూర్చోరా అనేవాళ్లు. మళ్లీ ఫోను, మళ్లీ లేవడం. మర్నాడు పేపర్లో నా పేరే ఉండేది కాదు. మేనేజర్ భుజం తట్టి, నిన్నంతా రెస్టే కదరా, ఇవాళ నువ్వే అనేవాడు. అలాగే సార్ అనేవాణ్ణి. షెడ్డులో విసిరిన బంతులు ఎవరి లెక్కలోకీ రావు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

నాకేం ఫర్వాలేదులే. చెయ్యి కాస్త పట్టేసిందని కింది లీగుకి పంపారు, నెల తిరిగేసరికి మళ్లీ పైకి వెళ్తాను. నువ్వు మాత్రం నొప్పి సంగతి కోచ్‌కి చెప్పు. పిరికివాడివంటాడేమో, అననీ. ఆ పెద్దమనిషి ఇంకోసారి వస్తాడు.

అమ్మని, నాన్నని అడిగానని చెప్పు.

నీ అన్నయ్య,
డ్వేన్

తా.క. రాసింది మళ్లీ చదువుకున్నాను. నీ స్థానంలో నేనుంటే, అన్నయ్యకేం కాలేదుగా అనుకుని శనివారం విసిరేస్తాను. అందుకే ఇది. బస్సు లేదురా రస్. పోయిన నెలే నన్ను జట్టులోంచి తీసేశారు. అద్దె గదిలో బల్ల ముందు కూర్చుని ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతి చివరి రెండు వేళ్లూ మొద్దుబారిపోయాయి, పెన్ను నిలవడం లేదు. నాకూ సూదులతోనే మొదలైంది. నీ గురించి చాలా భయంగా ఉంది. ఈ కాగితం నాన్నకి చూపించకు. మీ కోచ్‌కి చూపించు.