స్మిత ఇంట్లో మన జంబుఖానా

చాంపియన్ రీఫ్స్

అమ్మకు వత్సల నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం.

ఫోన్లో అడిగితే మాట మారుస్తావని కార్డు రాస్తున్నాను. ఆదివారం చెల్లి స్మిత కొత్తింటికి వెళ్ళాం. హాలుకీ డైనింగుకీ మధ్య గోడ లేదు. భోజనాల బల్ల కింద మన ఎర్రచారల జంబుఖానా! సోఫా ముందు సరిగ్గా ఆ ఎరుపులోనే కొత్త కార్పెట్.

"రెండూ యెంత బాగా కుదిరినాయమ్మా! కిందిది యాడ తెచ్చినావు?" అని మా అత్తగారు మురిసిపోయారు.

"మాయమ్మ ఇచ్చింది అత్తా" అంది స్మిత.

మా చిన్మయ్ దాని మీద చారు ఒలకబోస్తే నేను వాణ్ణి ఒక్క మాటా అనలేదు.

నేనడిగినప్పుడు ఎలుకలు కొరికేశాయన్నావు కదా. మా హాలు ఇంకా బోసిగానే ఉంది.

ఆవు ఈనిందా? రాగిపిండి పంపు. నాన్నకు నమస్కారాలు. ఆ ఎలుక ఫోన్ చేస్తే అక్క ఆశీస్సులు చెప్పు.

వత్సల