అన్నమ్మ ఒడిలో తడి రంగు

1964 జూలై 12, ఆదివారం

ముప్ఫై ఎనిమిదేళ్లు బడిపిల్లలకు ఒకటే చెప్పాను: "కదలకండి, మాట్లాడకండి." ఈ రోజు అదే మాట నా మనవరాలు ఒరియెట్టా నాకు చెప్పింది. నోటికి తాళం పడ్డాక లోపలున్న మాటలను ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. అందుకే ఈ డైరీ.

సంగతి ఇది. చలికాలంలో కప్పు కారి మా గుడిలోని పునీత అన్నమ్మ పటం పాడైంది. నెలలు నిండుతున్న ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఆమె ఒడిలో అరచెయ్యి ఆనించడం మా ఊరి ఆచారం. తరతరాల చేతులకు ఒడి దగ్గర రంగు ముందే పోయి చెక్క బయటపడింది. మిగతాది వాన పట్టుకుపోయింది. ఈ నెల 26న పండుగ. కొత్త పటం వేసే పని ఫాదరు సెత్తీమియో ఒరియెట్టాకి ఇచ్చారు. ఇచ్చారనడం మర్యాద, నేను ఇప్పించాను.

పటం కుదరకపోతే అది ఉండే గోడ గూట్లోకి నా ఆడపడుచు ఆర్మీదా ఫ్లోరెన్సు నుంచి తెప్పించిన ప్లాస్టర్ బొమ్మ వస్తుంది. పిల్ల ఆ మర్నాటి నుంచి తండ్రి పెంకుల బట్టీలో గుమాస్తా. బొమ్మలు గీయడం బంద్. అల్లుడు గ్వాల్తియెరో షరతు అది.

అన్నమ్మ మరియమ్మకు తల్లి, సాక్షాత్తూ దేవుడికి అమ్మమ్మ. పటం కోసం ఆమె స్థానంలో కూర్చోవడానికి ఈ ఇంట్లో నాకంటే తగినవాళ్లు లేరు.

తీర్మానం: రోజూ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా కదలను. మాట్లాడను. ఇంత తేలికైన పని జన్మలో చేయలేదు!

13, సోమవారం

అద్భుతం! ఒరియెట్టా చెక్క పలక నిండా బంగారు రేకు అద్దింది. నన్ను నిటారుగా, ఎదురుగా చూస్తున్నట్టు గీసింది. తల వెనక పళ్లెమంత కాంతివలయం. ముడత లేదు, నీడ లేదు. ముక్కు అసలుకంటే చిన్నది. పాత పటంలాగే ఉంది. నాలాగా లేదు, కానీ ఉండాల్సిన పనేముంది?

నేను మాట్లాడింది: "తలుపు" అని ఒకసారి. గాలికి కొట్టుకుంటోంది మరి.

14, మంగళవారం

పొయ్యి మీద చారు పొంగుతున్న వాసన వచ్చింది. లేవక తప్పలేదు. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు కుర్చీ కాస్త కిటికీ వైపు తిరిగిందట. ఒరియెట్టా నన్ను చూసింది, పలకను చూసింది, చాకు తీసి బంగారమంతా గీకేసింది!

"ఏమే, మతి పోయిందా?" (ఇది అత్యవసరం. లెక్కలోకి రాదు.)

"నీ బుగ్గ మీద ఒకవైపే వెలుగు పడుతోంది అమ్మమ్మా. వెలుగుంటే నీడ కూడా ఉండాలి. బంగారం మీద నీడ నిలవదు."

సాయంత్రానికి నా ముడతలన్నీ పలక మీదికి చేరాయి. వెనక కిటికీ, కిటికీలో కొండలు, కొండ మీద మన గాడిద. గడ్డం మీద పులిపిరి కూడా.

"పునీతురాలికి పులిపిరేంటే?"

"నీకుందిగా."

16, గురువారం

వట్టి చేతులతో కూర్చోవడం పాపం. ఒడిలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఒలిచాను. చేతులు కదలడం మనిషి కదలడం కాదు.

ఇప్పుడు పలక మీద వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న ముసలావిడ ఉంది. కాంతివలయం లేదు.

"అదేదీ?"

"గింజలు ఒలిచేటప్పుడు ఎవరు పెట్టుకుంటారు అమ్మమ్మా?"

నిజమే. నేనైతే తీసి మేకుకి తగిలించేదాన్ని.

18, శనివారం

ఆర్మీదా వచ్చింది. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఏం వదినా, పునీతురాలివైపోతున్నావట! మా అన్నయ్య ఉంటే ముందు తనకు హతసాక్షి హోదా కావాలనేవాడు. పాపం, నీతో కాపురం చేసినవాడు!"

నేను కదలలేదు. తర్వాత కదిలాను. తర్వాత చేతులూపుతూ, కుర్చీ చుట్టూ తిరుగుతూ, ఆమె పెళ్లి విందులో మాంసం మాడిన సంగతి దాకా తవ్వాను.

ఒరియెట్టా ఆపమనలేదు. గబగబా రంగు చుక్కలు వేసుకుంటూ పోయింది. దగ్గరికెళ్తే మిరియాలు, పసుప్పొడి ఒలికినట్టుంది. గది అవతలి నుంచి చూస్తే అచ్చం నేనే, కోపంగా.

"పొయ్యిలో ఎగిరే రవ్వల్లా ఉన్నావు వదినా" అంది ఆర్మీదా. వెళ్తూ బొమ్మ పెట్టె వచ్చేసిందని, దాని బుగ్గలు గులాబీ రంగని చెప్పింది.

20, సోమవారం

తప్పు నాది కాదు. పొయ్యి ఎడమవైపు ఉంది, తలుపు కుడివైపు, పిల్ల ఎదురుగా. మూడు వైపులా చూసుకోకపోతే ఈ ఇల్లు నడవదు.

నాకు మూడు ముక్కులు వేసింది.

"నువ్వు మూడు వైపులా తిరిగావు, నేను మూడూ వేశాను. అబద్ధం వేయమంటావా?"

రాత్రి గ్వాల్తియెరో భోజనానికి వచ్చి పలకను చూశాడు. బట్టీలో గుమాస్తా బల్ల తుడిపించానని మాత్రం చెప్పాడు. ఒరియెట్టా రొట్టె ముక్క అలాగే వదిలేసి లేచింది.

22, బుధవారం

ముక్కులు పోయాయి. ముఖమే పోయింది. పలకంతా నీలం, సాయంత్రం మా పెరటి గోడ మీద వాలే నీలం. కింద, ఒడి ఉండాల్సిన చోట, మందంగా కాలిన మట్టి రంగు ముద్ద.

తీర్మానం సంగతి పక్కన పెట్టి నిలదీశాను. "నేను ఇన్ని రోజులు కూర్చున్నది దీనికా? ఎవరే ఇది? ఆ బట్టీ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను." చాకు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "పాతవాళ్లకి స్వర్గం ఎక్కడుందో తెలుసు, బంగారం పెట్టారు. నాకు తెలియదు అమ్మమ్మా. అమ్మ చనిపోయిన ఏడాది నీ ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. నిద్ర పట్టకపోతే నా వీపు మీద నువ్వు పెట్టిన చెయ్యి గుర్తుంది. దాని వేడి వేయాలని చూస్తున్నాను. ఇంకా రాలేదు."

వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. తీర్మానం కోసం కాదు.

24, శుక్రవారం

ఈ రోజు పంతం పట్టాను. తొమ్మిదింటికి కూర్చున్నాను. ఈగ వాలినా కదలలేదు. చారు మాడినా కదలలేదు. మొదటిసారి!

పదింటికి ఆర్మీదా కోడలు జెలిండా రొట్టె తెచ్చింది. ఎనిమిదో నెల. గుమ్మం దాటడానికే ఆయాసపడుతోంది.

"పెద్దత్తయ్యా, ఇదేనా అన్నమ్మ?"

"ఆఁ" అంది ఒరియెట్టా, కిటికీ దగ్గర కుంచెలు కడుక్కుంటూ, వెనక్కి చూడకుండా.

జెలిండా రొట్టె బల్ల మీద పెట్టింది. కళ్లు మూసుకుంది. చెయ్యి చాచింది.

రంగు తడిగా ఉందని నాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు. కానీ జీవితంలో ఒక్కసారైనా తీర్మానం నిలబెడుతున్నాను కదా!

అరచెయ్యి మణికట్టు దాకా ఆ మట్టి రంగు ముద్దలో అతుక్కుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన ముగించి, కళ్లు తెరిచి, చెయ్యి చూసుకుని కెవ్వుమంది. ఒరియెట్టా గీకేయడానికి చాకు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

పలక ముందు ఆగిపోయింది. వంగి ఆ చేతి అచ్చును చూసింది. చాకు కింద పెట్టేసింది.

"అమ్మమ్మా, నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"మాట్లాడొద్దన్నావుగా."

25, శనివారం

ఫాదరుగారు వచ్చారు, వెనకే ఆర్మీదా.

"ముఖం..." అన్నారు ఫాదరుగారు, పలక వెనక్కి తొంగిచూస్తూ, అక్కడేమైనా ఉందేమోనని.

"నీ ముఖం ఏదీ వదినా? ఈ ముద్దకా మనవాళ్లు మొక్కేది?"

ఒరియెట్టా నా వైపు చూసింది. అందుకని నేను మాట్లాడాను. ఎంతసేపో రాయను. కళ్లు మూసుకుని మొక్కేవాళ్లకు ముక్కు తీరుతో పనేమిటని అడిగాను. పాత పటాన్ని సగం గీసింది చిత్రకారుడు, మిగతా సగం చేతులు అని చెప్పాను. ఫాదరుగారు మా బడిలోనే చదివారు, నిలబడే విన్నారు.

తీర్పు: రేపు గుడిలో కుడివైపు బొమ్మ, ఎడమవైపు పలక. ఆడవాళ్లు ఎటు వెళ్తే అది గూట్లోకి.

26, ఆదివారం, పండుగ

పూజ అయ్యాక కడుపుతో ఉన్నవాళ్లు, తోడొచ్చినవాళ్లు నడవలో నిలబడ్డారు. కుడివైపు గులాబీ బుగ్గలు మెరుస్తున్నాయి. ఎవరూ కదలరు. ఒరియెట్టా స్తంభం వెనక గోళ్లు కొరుకుతోంది. స్తంభం పక్కనే గ్వాల్తియెరో, టోపీ చేతిలో నలుపుతూ.

జెలిండా నడిచింది. పలక ముందు కళ్లు మూసుకుని, తన చెయ్యి పడిన గుంటలోనే చెయ్యి పెట్టింది. వెనక కంసాలి భార్య. ఆమె వెనక మరొకరు. చివరికి ఆర్మీదా, పండుగ చేతితొడుగులతో, కోడలికి తోడుగా.

"రంగు ఆరిందా వదినా?"

"ఆరలేదు."

నన్ను ఒకసారి గుర్రుగా చూసింది. కుడిచేతి తొడుగు విప్పి సంచిలో పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

ఫాదరుగారు కొవ్వొత్తుల స్టాండును బొమ్మ ముందు నుంచి పలక ముందుకు జరిపించారు. మధ్యాహ్నం విందులో ఊళ్లో సగం మంది అరచేతులు మట్టి రంగులో ఉన్నాయి.

సాయంత్రం. ఒరియెట్టా కొత్త పలక తీసింది. ఈసారి గుడికి కాదట, తన గదికి. నా ముఖమే కావాలట. కాబట్టి ఇక జరగవలసినవి:

1. రేపు తొమ్మిదింటికి కుర్చీ కిటికీ దగ్గర. చారు ముందే దింపేయాలి.
2. గ్వాల్తియెరో వేరే గుమాస్తాను వెతుక్కోవాలి. ఆ మాట పదకొండు తర్వాత నేనే చెబుతాను.
3. ప్లాస్టర్ బొమ్మను ఆర్మీదా తన కోళ్లగూటి దగ్గర పెట్టుకోవచ్చు. ఈ సలహా అడిగితేనే ఇవ్వాలి.
4. పులిపిరి ఉండాలి.
5. కదలను. మాట్లాడను. జెలిండాకు నొప్పులొచ్చాయని కబురొస్తే తప్ప.