తొలిచూపు

నంద్యాల, మంగళవారం రాత్రి

మా చర్చికి చేయిస్తున్న పునీతుని విగ్రహం చూద్దామని ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పి ఓబులేసు వంగి కళ్లు చెక్కుతున్నాడు. నేను వెళ్లి విగ్రహానికి ఎదురుగా నిలబడ్డాను. పని ముగించి తలెత్తినవాడు నన్ను చూసి ఒక్క అరుపు అరిచాడు.

"ఆడేం చేస్తాండావు ఫాదరూ! విగ్రహం కండ్లు తెరిస్తే తొలిచూపు అద్దం మీద పడాల, మనిషి మీద కాదు!"

అద్దం పక్కనే గుడ్డ కప్పి ఉంది.

"మాకు అట్లాంటి పట్టింపులు లేవప్పా," అని నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఈ అంగీ, నడుముకున్న ఈ తాడు రేపు మఠం పెద్దకు అప్పగించి, సన్యాసం వదిలి వెళ్లిపోవాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ తొలిచూపుకు తెలిసిపోయింది.