చేతిపట్టీ సీను

నవంబరు 21. సియోల్‌లో మంచు పడింది. కిమ్చీకి క్యాబేజీలు ఉప్పులో వేశాను.

మిసున్ అక్కా,

టీవీ పోటీకి రాసిన స్క్రిప్టు మన కథే. అందులో తమ్ముణ్ణి నాన్న అంత్యక్రియలకు రప్పించాను. రచన నేర్పే మేడమ్ చదివి, "ఈ మనిషి వచ్చుండడండీ. రానివాణ్ణి రాయండి, చూద్దాం" అన్నారు.

తిరగరాశాను. కొడుకు కట్టుకోవలసిన సంతాపపు పట్టీని ఇప్పుడు అక్క తన చేతికి కట్టుకుంటుంది. "మావాడికి జ్వరమండీ, లేవలేకపోతున్నాడు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

ఆ రోజు నాకు జ్వరం లేదని నీకు తెలుసు. మన ఊరి బస్‌స్టాండు దాకా వచ్చి తిరిగి వెళ్లానని మాత్రం తెలియదు.

ఇది ప్రసారమైతే నువ్వు చెప్పింది అబద్ధమని ఊళ్లో తేలిపోతుంది. నెలాఖరు దాకా గడువుంది. నువ్వు వద్దంటే పంపను.

క్యాబేజీలు సాయంత్రం కడగాలి. నీ వాటా డబ్బాలో పెట్టి, ఆదివారం నేనే తీసుకుని ఇంటికి వస్తాను.