పేరు చెప్పని ప్రార్థన మనవి

ఢిల్లీ,
7-7-1995

పోస్టు పెట్టె నంబరు వారికి,

దీనమ్మ చేసుకొను వందనములు. మేమందరం క్షేమం. క్షేమం కానిది మా అబ్బాయి సంగతి ఒక్కటే.

మీ కరపత్రం మా మందిరంలో బల్ల మీద దొరికింది. పాస్టర్లకు గాని వారి ఇంటివాళ్లకు గాని మనసులో కష్టం ఉంటే రాయండి, గోప్యంగా ఉంచుతాం అని ఉంది. నేను పాస్టరు గారి తల్లిని. ఇంటిదాన్నే కదా?

మా అబ్బాయి రాజరత్నం ఇక్కడి తెలుగు సంఘానికి నాలుగేళ్లుగా పాస్టరు. ఆదివారం ఒకే మందిరంలో పొద్దున ఇంగ్లీషు వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం హిందీ వాళ్లది, సాయంత్రం నాలుగింటికి మాది. మూడు నెలలుగా ప్రతి గురువారం రెండింటికి ఎక్కడికో వెళ్తాడు, ఆరింటికి వస్తాడు. ఎక్కడికిరా అంటే "పనుందమ్మా" అంటాడు. కోడలు విమలను అడిగితే "మీటింగ్ అత్తయ్యా" అంటుంది. ప్రతి వారం మీటింగ్ పెట్టుకునేంత పెద్దవాడా వాడు?

అన్నం సరిగా తినడు. పోయిన ఆదివారం ఆశీర్వచనం చెప్పడం మర్చిపోయి అట్లా నిలబడిపోయాడు. జనం తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. చివరికి కంటోన్మెంటు నుంచి వచ్చే సుబేదారు కనకయ్య గారే "ఆమేన్" అనేశారు.

సాయంత్రం వెనక వసారాలో స్టూలు వేసుకుని మాట్లాడకుండా కూర్చుంటాడు. వాళ్ల నాన్న గారు కూడా అట్లాగే కూర్చునేవారు. ఆయన సంగతి తర్వాత రాస్తాను.

ఇట్లు,
దీనమ్మ

తా.క.: ఈ ఉత్తరం సంగతి ఎవరికీ తెలియకూడదు. కనకయ్య గారి భార్య సత్యవతికి, కూరగాయల బండి అతనికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అతనికి తెలుగు రాదు.

*

నోయిడా,
15-7-1995

గౌరవనీయులైన దీనమ్మ గారికి వందనాలు.

నా పేరు శాంతకుమారి. ఈ కేంద్రంలో తెలుగు తెలిసిన సలహాదారును నేనొక్కదాన్నే. మీ ఉత్తరం నేను తప్ప ఎవరూ చూడరు. పాస్టర్లు, వాళ్ల ఇంటివాళ్లు నలుగురి కంటా పడకుండా రావాలని మా చిరునామా కూడా ఎక్కడా అచ్చువేయం. మా దగ్గరికి ఎవరు వస్తారో, ఎవరు రారో ఎవరికీ చెప్పం. అందుచేత మీ అబ్బాయి గురించి నేనేమీ చెప్పలేను. ఆయన్నే నెమ్మదిగా అడగండి.

మీ అబ్బాయి గురించి రాశారు. మీకెలా ఉందో రాయలేదు.

మీ శ్రేయోభిలాషి,
శాంతకుమారి

తా.క.: ఇకపై ఎవరితోనూ అనకండి. కూరగాయల అతనితో కూడా.

*

ఢిల్లీ,
21-7-1995

శాంతకుమారి గారికి,

దీనమ్మ ఆదుర్దాతో వ్రాయునది. మీ కవరు మీద పంపినవారి పేరు లేదు. విమల దాన్ని అటూ ఇటూ తిప్పి "ఆకాశరామన్న ఉత్తరమేమో అత్తయ్యా" అంది. బియ్యం డబ్బాలో దాచి, అందరూ పడుకున్నాక చదివాను.

"నేనేమీ చెప్పలేను" అని రాశారు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు గారు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. మావాడికి ఏదో పెద్ద జబ్బే ఉంది, గురువారం గురువారం ఆసుపత్రికే వెళ్తున్నాడు, మీకు తెలుసు, నాతో అనలేక అట్లా రాశారు.

ఇంత భారం ఒక్కదాన్నే మోయలేక మంగళవారం స్త్రీల సమాజంలో ప్రార్థన మనవి పెట్టాను. భయపడకండి, గోప్యంగానే పెట్టాను. పేరు చెప్పలేదు. "ఒక సేవకుడి కోసం ప్రార్థించండి. ఎవరని అడగొద్దు. తెలుగువాడే. పొడుగ్గా ఉంటాడు. తల్లి ఆయన దగ్గరే ఉంటుంది. గురువారాలు ఎక్కడికో వెళ్తున్నాడు. ఏమీ చెప్పలేమన్నారు" అన్నాను. అంతే, ఇంకొక్క మాట అనలేదు.

అందరూ కళ్లు మూసుకుని ప్రార్థించారు. సత్యవతి మాత్రం ఒక కన్ను నా మీదే ఉంచింది.

ఇట్లు,
దీనమ్మ

తా.క.: నాకెలా ఉందని అడిగారు. మా అబ్బాయి బాగుంటే నేను బాగుంటాను.

*

నోయిడా,
28-7-1995

దీనమ్మ గారికి,

అమ్మా, నేను డాక్టరును కాను. చెప్పలేను అంటే జబ్బు ఉందని అర్థం కాదు. జబ్బు లేదని కూడా అనడం లేదు. ఆయన మాకు తెలుసనీ అనడం లేదు, తెలియదనీ అనడం లేదు. ఇది రాసి మళ్లీ చదివితే నాకే భయం వేసింది, మీ సంగతి చెప్పనక్కర్లేదు. దయచేసి దీన్ని కూడా ప్రార్థన మనవి చేయకండి.

మీ వారి సంగతి రాస్తానన్నారు. అది చదవాలని ఉంది.

మీ శ్రేయోభిలాషి,
శాంతకుమారి

తా.క.: పొడుగు సంగతి చెప్పకపోయినా దేవుడు గుర్తుపట్టేవాడు.

*

ఢిల్లీ,
7-8-1995

అమ్మాయి శాంతకుమారికి,

దీనమ్మ దీవించి వ్రాయునది. కొంప మునిగింది.

నిన్న ఆరాధన కాగానే కనకయ్య గారు లేచారు. వెనక వరుసలో ఆరుగురు జవాన్లు చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు. "పాస్టరు గారూ, గుండె ఆపరేషనని విన్నాం. మీ రక్తం గ్రూపు ఏదైనా ఈ ఆరుగురిలో ఒకరిది కలవకపోదు. అధైర్యపడకండి" అన్నారు.

మా రాజరత్నం నోరు తెరిచేలోపే సెక్షనాఫీసరు సదాశివరావు గారు అడ్డం వచ్చారు. "ఆపరేషనేంటండీ, బదిలీ కదా! గురువారాలు వెళ్లేది కొత్త ఊళ్లో ఇల్లు చూసుకోడానికి కదా!" అంటూ స్టీలు బిందె ఒకటి ముందు పెట్టారు. దాని మీద "పాస్టరు గారికి వీడ్కోలు కానుక" అని చుక్కలు చుక్కలుగా కొట్టించారు. ఆపరేషనా, బదిలీయా అని వాళ్లిద్దరూ వాదులాడుకున్నారు. మా మనవడు దీపు నా కొంగు పట్టుకుని "దాదీ, పాపా కో క్యా హువా?" అని, నాన్నకేమైందని ఏడుపు.

రాజరత్నం అంతమందినీ దాటి తిన్నగా నా వైపే చూశాడు. "నాకేమీ కాలేదండీ, ఎక్కడికీ పోవడం లేదు" అని వాళ్లకు చెప్పి, ఇంటికొచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

ఇప్పుడు వాళ్ల నాన్న గారి సంగతి రాస్తాను. దేవవరం గారు బాపట్ల దగ్గర వాక్యం చెప్పే ఉపదేశి. సైకిలు మీద ఏడు పల్లెలు తిరిగేవారు. మొగుడు కొట్టిన ఆడపిల్ల, తాగుడు మానలేనివాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అందరూ ఆయనకే చెప్పుకునేవారు. చీకటి పడే వేళకు వచ్చి, సైకిలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, పెరట్లో స్టూలు మీద కూర్చునేవారు. మల్లెపందిరి మీద నుంచి వాసన వచ్చేది. నేను మజ్జిగ ఇచ్చి "ఏందంట?" అనేదాన్ని. "ఏం లేదు లేవే" అనేవారు. సరే అని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. మా ఆయన కడుపులో పడిన మాట బయటికి రాదని ఊరంతా గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. యాభై రెండేళ్లకే పోయారు.

అందరూ ఆయనకు చెప్పుకున్నారు. ఆయన ఎవరికి చెప్పుకున్నారో నేను ఆలోచించలేదు. రెండోసారి అడిగితే చెప్పేవారేమో. నేను ఒక్కసారే అడిగి ఊరుకునేదాన్ని.

నిన్న వీడిని అడిగాను. "ఏం లేదమ్మా" అన్నాడు.

ఇట్లు,
దీనమ్మ

తా.క.: బిందె మీద అక్షరాలు పడ్డాక కొట్టువాడు వెనక్కి తీసుకోడట. నీళ్లు పట్టుకుంటున్నాం. వీడ్కోలు వైపు గోడకు తిప్పి పెట్టాను.

*

నోయిడా,
24-8-1995

దీనమ్మ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత మీ దగ్గర నుంచి ఒక్క ముక్క రాలేదు. రెండోసారి అడిగారా? ఆయన ఏమన్నారు? సలహాదారు ఇలా అడగకూడదు. అయినా రోజూ పోస్టు పెట్టె దగ్గరికి నేనే స్వయంగా పోతున్నాను. అన్నం ముందు కూర్చున్నా ఇదే ధ్యాస. ఒక కార్డు ముక్క రాయండి చాలు.

మీరే ఒకసారి వచ్చి మాట్లాడతానంటే చిరునామా వేరే కవరులో పంపుతాను.

ఆతృతతో,
శాంతకుమారి

తా.క.: ఆ ఆరుగురు జవాన్లు ఏమయ్యారు?

*

ఢిల్లీ,
1-9-1995

అమ్మాయి శాంతకుమారికి,

దీనమ్మ దీవెనలు. ఇంత బెంగ పెట్టుకోకు తల్లీ, ఒంటికి మంచిది కాదు.

రెండోసారి అడిగాను. వాడి స్టూలు పక్కన పీట వేసుకుని కూర్చుని "ఏందిరా?" అన్నాను. "ఏం లేదమ్మా, లోపలికి పో, దోమలు" అన్నాడు. "మీ నాన్న దగ్గర్నుంచి లేచి పోయాను. నీ దగ్గర్నుంచి లేవను. దోమల్ని కుట్టనీ" అన్నాను. అప్పుడు నా మోకాలి మీద చెయ్యి వేసి మొదలుపెట్టాడు. విమల వచ్చి దీపం వెయ్యబోయి, మమ్మల్ని చూసి, వెయ్యకుండానే వెళ్లిపోయింది. చెప్పవలసిందంతా చెప్పాడు. గురువారం ఎక్కడికి వెళ్తాడో కూడా చెప్పాడు.

ఏం చెప్పాడో నీకు రాయను. ఏమీ అనుకోవద్దు. జబ్బు లేదు, బదిలీ లేదు, సంఘాన్ని వదిలిపెట్టడు. అంతవరకే. ఆ రాత్రి రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు, అది రాయొచ్చు.

మంగళవారం సత్యవతి నన్ను మెట్ల దగ్గర పట్టుకుని "ప్రార్థన కోసమైనా చెప్పొచ్చుగా వదినా, పేరు లేకుండా" అంది. "ఏం లేదు లేమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి రాగానే మా ఆయన పక్కన నిలబడ్డట్టే అయింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఒక్కడి మాట నాలుగు రోజులు దాచుకునేసరికే గుండెల మీద రాయి పెట్టినట్టుంది. ఏడు పల్లెల మాటలు ఆయన ఎట్లా దాచుకున్నారో.

నాకెలా ఉందని అడిగావు. బాగాలేదమ్మా. ఆయన పోయిన దగ్గర్నుంచీ బాగాలేదు. వచ్చే గురువారం వచ్చి చెప్తాను.

ఇట్లు,
దీనమ్మ

తా.క.: ఆ ఆరుగురూ రక్తం ఇవ్వకుండా కదలమన్నారు. విమల పులిహోర పెడితే తిని కదిలారు.

మళ్లీ తా.క.: చిరునామా పంపనక్కర్లేదు. రాజరత్నం తీసుకొస్తానన్నాడు. బస్సు దిగాక ఎవరినీ అడిగే పని లేదట, మందుల షాపు పక్క సందులో మూడో గేటట.