పాము కాటు పేజీలో నా సవరణ

పద్మక్కకు శైలు నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నూ దగ్గు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోన్‌లో అయితే అన్నీ వరుసగా చెప్పలేనని రాస్తున్నాను.

ఖాజాగూడలో ఈ గదికి మారాక తిండికి లోటు లేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు యాదమ్మ ఏదో ఒక కూర పంపుతూనే ఉంటుంది. వానలకు రోడ్లు మునిగి, ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే ఒళ్లు హూనమవుతోంది. ఆదివారాలు మాత్రం, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు దిద్దుతుంటాను, నీకు తెలుసుగా. అందులో ఎవరైనా రాయొచ్చు. వైద్యం పేజీల్లో మాత్రం మనం ఏం మార్చినా, డాక్టర్లు సరిచూసేదాకా పాతదే కనిపిస్తుంది.

పాము కాటు పేజీలో, కాటుకు పైన గుడ్డతో బిగించి కట్టాలని ఉంది. అది తప్పని ప్రభుత్వ సూచనల్లో చదివి తీసేశాను. సబ్బుతో కడగాలని చిన్నప్పుడు విన్న మాట ఒకటి చేర్చాను. వారాలు గడిచినా ఎవరూ చూడలేదు.

మొన్న సాయంత్రం పెరట్లో యాదమ్మను పాము కరిచింది. కేకలు విని దిగేసరికి ఆమె కొడుకు నరేష్ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని ఉన్నాడు. ఫోనులో అదే పేజీ.

"కట్టకు నరేష్, అది తప్పు!"

"డాక్టర్లు చూసిన పేజీ అని రాసుంది కదక్కా! నువ్వేమన్న డాక్టర్‌వా?"

యాదమ్మే నా చెయ్యి పట్టుకుని, "జర ఆగురా, ఆ పిల్ల చెప్పేది ఇను" అంది. కట్టనివ్వలేదు. కాలు కదలకుండా పడుకోబెట్టాం. సబ్బుతో కడిగింది నేనే. అంబులెన్సులో దవాఖానకు వెళ్తున్నంతసేపూ, కట్టి ఉంటే బతికేదేమో, నా మాట విని చచ్చిపోతుందేమో అనుకుంటూనే ఉన్నాను.

కట్టకపోవడమే మంచిదైందని అక్కడి డాక్టరు చెప్పాక గానీ కుదుటపడలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, వాపు తగ్గుతోంది.

ఆ పేజీ సరిచూసే డాక్టరు గారికి జరిగిందంతా కోపంగానే రాశాను. వెంటనే జవాబిచ్చారు: "ఆలస్యం మా తప్పే. కట్టు మాట తీసేశాం. కానీ సబ్బు మాట కూడా తప్పేనమ్మా. కడిగితే విషం త్వరగా ఎక్కవచ్చు."

కిందికి వెళ్లి యాదమ్మకు చెప్పేశాను. "బతికిన గదా బిడ్డా, ఫికర్ జెయ్యకు. గని ఇగ అడిగి రాయి" అంది.

తేలు కాటు పేజీ కూడా పాతబడిందట, నన్నే మొదలుపెట్టమన్నారు డాక్టరు గారు, తాను ఆలస్యం చేయనన్నారు. ఒప్పుకున్నాను గానీ అక్కా, ఒక్క వాక్యం రాసి దాన్నే పదిసార్లు చదువుకుంటున్నాను. మీ ఆరోగ్య కేంద్రంలో సిస్టరు గారిని అడిగి, అక్కడ తేలు కుట్టినవాళ్లకు ముందు ఏం చేస్తున్నారో రాసి పంపు. వీలైతే కాస్త కందిపొడి కూడా.

అత్తయ్యగారికీ బావగారికీ నా దండాలు, చిన్నూకు ముద్దులు. నేను రాసేది ఎవరికీ కీడు చేయకూడదని నా తరఫున దేవుడికి ఓ దణ్ణం పెట్టు.

నీ చెల్లి,
శైలు