మగ్గం గుంతలో వేసిన ఓటు

ధర్మవరం,
8-5-2024, బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి చంద్రికకు,

నీ వదిన హేమలత దీవెనలు. నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. రెండు రోజులుగా మీ అన్న నాతో మాట్లాడటం లేదు, మగ్గం మీద కూర్చోవడం లేదు. ట్యాంకరు నీళ్లు నాలుగు రోజులకు ఒకసారి వస్తున్నాయి. అత్త మాత్రం రెండు పూటలా సంగటి తింటోంది.

ఫోన్ చెయ్యక ఉత్తరమేమిటి అనుకుంటావు. ఒకటే గది ఇల్లు. సగం మగ్గానికి, సగం మనుషులకు. అక్కడ ఫోనెత్తితే మాట్లాడేది ఒకరు, వినేది అందరూ. అందుకే ఇంద్రాణి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మా వార్డులో ఓటర్ల జాబితా పని చూసేది ఆ అమ్మాయే, ముందు ముందు ఆ సంగతి వస్తుంది.

నిన్న మా వెనకింటి తిమ్మక్క మీ కొత్తచెరువు నుంచి వచ్చి చెప్పింది, ముసలామె ఓటు కూడా మా అన్నే గుద్దుకున్నాడా, వదిన నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చుందా అని నువ్వు నలుగురిలో అన్నావట. నాకు ఒళ్లు మండింది చంద్రికా, దాచుకోను. మీ ఆయన ఒక జెండా, మీ అన్న ఇంకొక జెండా పట్టుకున్నారని ఆరేళ్లుగా ఈ గడప తొక్కనిదానివి. నన్నొక మాట అడగాలని తోచలేదా? జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక ఇంకా తిట్టాలనిపిస్తే తిట్టు.

మన ఇంటి ఓట్ల సంగతి నీకు తెలియంది కాదు. మామ ఉన్న రోజుల నుంచీ ఇంటి పెద్ద మాటిస్తే ఇంట్లోని ఓట్లన్నీ ఆ మాట వెంటే నడవాలి. ఈసారీ మీ అన్న తన నాయకుడి ముందు మా ఇంట్లో నాలుగు ఓట్లు మీవేనని చెప్పేసి వచ్చాడు. ఆయన, నేను, మా కొడుకు వీరేష్, అత్త.

ఏప్రిల్‌లో ఇంద్రాణి ఒక ఫారం తెచ్చింది. పన్నెండు-డి అంటారు. ఎనభై అయిదు దాటినవాళ్లు అది నింపి ఇస్తే బ్యాలెట్ కాగితం ఇంటికే తెచ్చి ఓటు వేయించుకుంటారు. ఓటరు కార్డు ప్రకారం అత్తకు ఎనభై ఆరు. ఎండలో నువ్వు నడవలేవు అమ్మా అని చెప్పి మీ అన్న ఆమె చేత వేలిముద్ర వేయించాడు. తల్లి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. ఆయన ఆలోచన వేరు. బూత్‌లో అయితే ఓటు చాటున పడుతుంది, ఇంట్లో అయితే తన కళ్ల ముందే పడుతుంది.

తర్వాత ఓటు వేయించుకునే అధికారులు వచ్చే తేదీ చెప్పడానికి ఇంద్రాణి వచ్చినప్పుడు అసలు విషయం బయటపడింది. ఈ ఫారం మంజూరైతే జాబితాలో పేరు పక్కన గుర్తు పెడతారు, ఇక బూత్‌కు వెళ్లినా ఓటు వెయ్యనివ్వరు. ఇంటికి రెండుసార్లు వస్తారు. రెండుసార్లూ మనిషి లేకపోతే ఓటు పోయినట్టే. అత్త ముఖం ఎర్రబడింది. బూత్ కాడికి రావద్దనేకి మీరెవరప్పా, ఆడ ఆ అట్టపెట్టె చాటున నిలబడే ఒక్క నిమిషమే నాది అని కొడుకు మీద లేచింది.

శుక్రవారం వాళ్లు రావాలి. మీ అన్న పొద్దున్నే పార్టీవాళ్లను ముగ్గురిని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. అత్త వాళ్లను చూసింది. చేతికర్ర పట్టుకుని పెరటి దారిన తిమ్మక్క ఇంటికి పోయి లోపల గడియ పెట్టుకుంది. అధికారులు అరగంట చూసి, మనిషి లేదని రాసుకుని, సోమవారం వస్తాం, అదే ఆఖరు అని చెప్పి వెళ్లారు. పారిపోతే ఓటు పోతుంది, ఉంటే కొడుకు చేతిలో పడుతుంది. ఆ మూడు రోజులూ అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉంది.

సోమవారం పదకొండు గంటలకు వచ్చారు. ఇద్దరు అధికారులు, ఒక పోలీసు, వీడియో తీసే అతను. మీ అన్న ఎదురెళ్లి, మా అమ్మకు కండ్లు కనపడవు సార్, పోయినసారి కూడా నా పెండ్లామే తోడుపోయి నొక్కింది, ఈసారి నేనేస్తా అన్నాడు. చూపు లేకపోతే తోడు ఉండొచ్చు, ఉంటే మాత్రం ఆమే వెయ్యాలి అన్నాడు పెద్ద అధికారి. నాకు ఉండాది చూపు, పోయిన ఓట్లయినాంక ఆపరేషన్ చేపిచ్చుకున్న్యా అంది అత్త. ముసల్ది అట్లే అంటాది, గోడలు తడుముకోని నడుస్తాది సార్ అన్నాడు మీ అన్న. అధికారి ఇద్దరినీ చూసి, నా వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, కనిపిస్తుందా లేదా అని అడిగాడు.

అరుగు మీద ముగ్గురు, లోపల నలుగురు, వీడియో తిరుగుతోంది. మీ అన్న కళ్లతోనే నన్ను కాల్చేస్తున్నాడు. ఉండాది సార్, తెగిన పట్టు పోగు మాకంటే ముందు ఆమే అతుకుతాది అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నలుగురిలో మీ అన్న మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు.

అప్పుడు అత్త ఒకటే అడిగింది. నేను మగ్గం గుంతలో కూచోని వేస్తా అంది. మనం కాళ్లు దించి నేసే గుంత గోడకు ఆనుకుని ఉంటుంది కదా, అందులో కూర్చుంటే వెనక నిలబడటానికి ఎవరికీ చోటు లేదు. అధికారి ఒప్పుకున్నాడు. నేను చెయ్యి ఆసరా ఇస్తే దిగి కూర్చుంది. నేసిన చీర ముడతపడకుండా మీద దుప్పటి పరిచి, దాని మీద అట్ట అడ్డం పెట్టారు. అందరినీ బయటికి పొమ్మన్నారు. ఎమ్మెల్యేకు ఒక కాగితం, ఎంపీకి ఒకటి. తానే గుర్తు పెట్టింది, తానే మడిచింది, తానే కవరుకు జిగురు రాసింది. అధికారి చూపించిన చోట వేలిముద్ర వేసింది.

వాళ్లు వెళ్లగానే మీ అన్న ఎవరికేసినావు చెప్పు అని మీదికి వచ్చాడు. మీ నాయన యాభై ఏండ్లు అడిగినాడు, ఆయప్పకే చెప్పలేదు పోరా అంది. చెయ్యి ఎత్తబోయి, తల్లి ముఖం చూసి దించేశాడు.

ఇదీ జరిగింది. నా నోట్లో బెల్లం లేదని తెలిసింది కదా. వచ్చే సోమవారం మీరూ వెళ్లి ఓటెయ్యండి. ఆ తర్వాత జెండాలు మూలన పడేసి ఒకసారి వచ్చి అమ్మను చూసి పో.

నీ మేలు కోరే వదిన,
హేమలత

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. పోయినసారి అమ్మ ఓటు మీ పక్షానికే పడిందని నువ్వు అత్తింట్లో గొప్పగా చెప్పుకుంటావు. పడలేదు. ఆమె పైనుంచి మూడోది నొక్కమంది, నేను మీ అన్నకు భయపడి ఆయన చెప్పిన మొదటిది నొక్కించాను. మొన్న అందరూ వెళ్లాక గుంతలోంచి లేపుతుంటే అత్త నా మణికట్టు పట్టుకుని చెప్పింది, అప్పుడు నాకు కండ్లు లేవు గానీ నా వేలు యాడ పెట్టినావో తెలీదా మే అని. అయిదేళ్లు ఆ సంగతి తెలిసే నా చేతి కూడు తింది. ఆమె గోడకు వీపు పెట్టి కూర్చున్నది మీ అన్నకు జడిసి కాదు చంద్రికా, నాకు జడిసి.